రెడీమేడ్ రెజ్యూమేలు అమ్మే అన్నగారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

మీ పేరు నాకు తెలియదు. మీ షాపు బోర్డు మీద 'ప్రాజెక్ట్ సెంటర్' అని ఉంటుందనీ, లోపల రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషీను, స్పైరల్ బైండింగ్ సామాను ఉంటాయనీ మా దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలు చెబుతుంటారు. వాళ్లు మిమ్మల్ని 'అన్న' అంటారు. "నీ ప్రాజెక్టు గురించి చెప్పమ్మా" అని అడిగితే కాసేపు నీళ్లు నమిలి, ఇక దాచలేక, "ఆ అన్నే రాసిచ్చాడు మేడమ్" అంటారు. అమీర్‌పేటలో ఒక అన్న, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అన్న, విశాఖ ద్వారకానగర్‌లో ఇంకో అన్న. మీరు ఒక్కరు కాదని నాకు తెలుసు. మీలో ఎవరి కంటపడినా సరేనని ఈ ఉత్తరాన్ని బహిరంగంగా రాస్తున్నాను.

నేను కెమికల్ ఇంజనీర్ని. బల్క్ డ్రగ్స్ తయారుచేసే ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజనీరింగ్ విభాగం చూస్తాను. ల్యాబ్‌లో కెమిస్టు లీటరు ఫ్లాస్కులో చేసి చూపించిన రియాక్షన్‌ని ఐదువేల లీటర్ల రియాక్టర్‌లో అదే నాణ్యతతో, ఎవరికీ ఏ హానీ జరగకుండా నడిపించడం మా పని. ఎంత వేడి పుడుతుంది, దాన్ని ఎంతసేపట్లో తీసేయాలి, సాల్వెంట్ ఎంత తిరిగొస్తుంది, సెంట్రిఫ్యూజ్ ఎంతసేపు తిరగాలి, ఇవన్నీ లెక్కగట్టి చెప్పేది మేమే. ఏటా కొత్తగా బీటెక్ అయిన పిల్లల్ని తీసుకుంటాం. వాళ్ల రెజ్యూమేలు ముందు నా బల్ల మీదికే వస్తాయి.

మీ చేతి పని గుర్తుపట్టడం ఇప్పుడు నాకు కష్టం కాదు. పైన ఫొటో. దాని కింద కెరీర్ ఆబ్జెక్టివ్: పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం చేస్తూ సంస్థతో పాటు తానూ ఎదగాలన్న కోరిక, అందరికీ అవే వాక్యాలు. తర్వాత సాఫ్ట్‌వేర్లు: ఆస్పెన్ ప్లస్, హైసిస్, మ్యాట్‌ల్యాబ్, ఆటోక్యాడ్. ఒక్కోదాని పక్కన నీలం రంగు పట్టీ, ఆస్పెన్ 90 శాతం, మ్యాట్‌ల్యాబ్ 80 శాతం అని. అలాంటి కొలత ఏదీ లోకంలో లేదు. ఆ కుర్రాడు ఒక డిస్టిలేషన్ కాలమ్‌ని ఆస్పెన్‌లో కన్వర్జ్ చేయగలడో లేదో ఆ పట్టీ చెప్పదు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందో లేదో, పాటలు వింటాడా లేదా, ఇవన్నీ ఉంటాయి. నాకు కావలసింది మాత్రం ఉండదు.

ఇవి చిన్న విషయాలు. వీటి గురించయితే ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఈమధ్య మా దగ్గరికి వస్తున్న రెజ్యూమేల్లో ఒకే ప్రాజెక్టు పదేపదే కనిపిస్తోంది. రోజుకు 50 టన్నుల నైట్రోబెంజీన్ తయారుచేసే ప్లాంటు డిజైన్. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన అబ్బాయిదీ అదే, సీమ నుంచి వచ్చిన అమ్మాయిదీ అదే, తెలంగాణ నుంచి వచ్చిన కుర్రాడిదీ అదే. రెజ్యూమేతో పాటు తెచ్చిన బైండింగ్ రిపోర్టు తిప్పి చూస్తే మక్కీకి మక్కీ ఒక్కటే. అన్నిటిలోనూ ప్లాంటు పెట్టేది విశాఖపట్నంలో. అన్నిటిలోనూ కూలింగ్ వాటర్ 20 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లి 30 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది.

ఆ 20 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కూలింగ్ టవర్ నీటిని ఎంతవరకు చల్లబరచగలదన్నది గాలి వెట్ బల్బ్ ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. అంతకంటే కిందికి ఏ టవరూ తేలేదు. విశాఖలో ఉక్కపోసే నెలల్లో వెట్ బల్బే 27, 28 డిగ్రీలుంటుంది. దానికి నాలుగైదు డిగ్రీల పైన టవర్ నీళ్లిస్తుంది. అందుకే మన దగ్గర డిజైన్ చేసేవాళ్లు 32 అనో 33 అనో వేసుకుంటారు. 20 డిగ్రీలన్నది ఏదో చలిదేశపు పుస్తకంలో పుట్టి, ఎవరో ఎత్తి రాసుకున్న రిపోర్టులోకి చేరి, అక్కణ్నుంచి మీ కంప్యూటర్‌లోకి వచ్చిన అంకె. విశాఖ పేరు మాత్రం మీరు చేర్చారు.

ఇప్పుడు దాని ఫలితం చూడండి. బెంజీన్‌ని నైట్రేషన్ చేస్తే మోల్‌కి సుమారు 117 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. రోజుకు 50 టన్నులంటే ఆ రియాక్షన్ ఒక్కటే రాత్రీ పగలూ ఆగకుండా సుమారు 550 కిలోవాట్ల వేడి ఇస్తుంది. రియాక్టర్‌ని 50 డిగ్రీల దగ్గర నిలబెట్టాలనుకుందాం. నీళ్లు 20లో వెళ్లి 30లో వస్తే వేడిని లాగే సగటు తేడా, మేం ఎల్‌ఎంటీడీ అనేది, 24.7 డిగ్రీలు. అదే నీళ్లు 32లో వెళ్లి 42లో వస్తే 12.3 డిగ్రీలు. సగానికి సగం. మీ రిపోర్టులో కట్టిన కూలింగ్ కాయిల్‌ని నిజంగా విశాఖలో పెడితే పుట్టిన వేడిలో సగమే బయటికి పోతుంది. మిగతా సగం లోపలే ఉండిపోయి ఉష్ణోగ్రతను పెంచుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే రియాక్షన్ వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. దీన్ని మేం రన్‌అవే అంటాం. మా వృత్తిలో ఇంతకంటే భయపెట్టే మాట లేదు.

"ఆ ప్లాంటు ఎవరూ కట్టరు కదా, పిల్లల ప్రాజెక్టే కదా" అంటారు మీరు. ప్లాంటు కట్టరు, నిజమే. కానీ ఆ రిపోర్టు పట్టుకుని వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను. మార్కులు బాగున్నాయి. ముందుగా, రోజుకు 50 టన్నుల నైట్రోబెంజీన్ రావాలంటే బెంజీన్ ఎంత కావాలని అడిగాను. రిపోర్టులో ఏముందో గుర్తులేక బిక్కచచ్చిపోయింది. "రిపోర్టు వదిలెయ్, మాలిక్యులర్ వెయిట్లు తెలుసుగా" అన్నాను. 78, 123 అంది. కాగితం ఇచ్చాను. నిమిషంలో 31.7 టన్నులు అని తేల్చింది. సరే, కూలింగ్ వాటర్ 32 అయితే ఏమవుతుందో చూడమన్నాను. లాగరిథమ్ వేసుకుని మళ్లీ లెక్కకట్టింది. సగం అని వచ్చేసరికి పెన్ను పక్కన పెట్టి, "అంటే ఇది పని చెయ్యదు కదా మేడమ్" అంది. ఎవరూ చెప్పకుండా తనంతట తాను కనుక్కుంది.

ఆ అమ్మాయికి లెక్క వచ్చు. నాలుగేళ్లు చదివి నేర్చుకుంది. ఆఖరి ఏడాదిలో ఆ లెక్క స్వయంగా చేసి, తప్పు తానే పట్టుకుని, దిద్దుకుని, ఇది నేను చేశానని రెజ్యూమేలో రాసుకునే అవకాశం ఆమెకు ఉండాల్సింది. దాన్ని మీరు బైండింగ్ చేసిన పుస్తకం ఇచ్చి కొనేశారు. నా బాధంతా ఇదే. మీరు పిల్లలకు లేనిది ఉన్నట్టు రాస్తున్నారని మాత్రమే కాదు నా ఫిర్యాదు. ఉన్నదాన్ని కూడా కనిపించకుండా చేస్తున్నారు.

ఇంటర్న్‌షిప్ సంగతికొద్దాం. మీరు రాసిన రెజ్యూమేల్లో పదిహేను రోజుల ఇన్-ప్లాంట్ ట్రైనింగ్‌కి వెళ్లిన ప్రతి కుర్రాడూ స్టీమ్ వాడకం 30 శాతం తగ్గించేశాడు, లేదా ఈల్డ్ 12 శాతం పెంచేశాడు. అయ్యా, ట్రైనింగ్‌కి వచ్చిన పిల్లల్ని ఏ ఫ్యాక్టరీలోనూ వాల్వు మీద చెయ్యి వేయనివ్వరు. హెల్మెట్, సేఫ్టీ షూ, కళ్లద్దాలు పెట్టి, ఒక సూపర్‌వైజర్‌ని తోడిచ్చి, పసుపు గీత ఇవతల నిలబెట్టి చూపిస్తారు. అలా చూపించడమే సబబు. 30 శాతం తగ్గిందన్న మాట చదవగానే నాకు వచ్చే ప్రశ్న ఒక్కటే: ముందు ఎంత ఉండేది? కిలో ప్రొడక్టుకు ఎన్ని కిలోల స్టీమ్, ఏ ప్రెషర్‌లో, ఎన్ని బ్యాచ్‌ల సగటు? దానికి మీ దగ్గర జవాబు లేదు, అతని దగ్గరా లేదు. కాకిలెక్క అని ఆ వాక్యం దగ్గరే తెలిసిపోతుంది. అక్కణ్నుంచి ఆ కాగితంలో మిగతా నిజాలను కూడా నేను నమ్మలేను. అతను నిజంగా తెచ్చుకున్న 8.1 సీజీపీఏని కూడా అనుమానంగా చూస్తాను. ఆ అనుమానం అతని మీద మీరు తెచ్చిపెట్టింది.

ఇదే పదిహేను రోజుల గురించి ఇంకో అబ్బాయి ఏం రాశాడో చూడండి. రెజ్యూమే సొంతంగా రాసుకున్నాడు, ఇంగ్లీషు అక్కడక్కడ తడబడింది. ప్రొడక్షన్ బ్లాకులో సెంట్రిఫ్యూజ్ దగ్గర నిలబడి బ్యాచ్ బ్యాచ్‌కీ సమయం రాసుకున్నాడట. లోడింగ్‌కి ఎంత, స్పిన్నింగ్‌కి ఎంత, వాషింగ్‌కి ఎంత, అన్‌లోడింగ్‌కి ఎంత. చూసిన తొమ్మిది లోడ్‌లలో అన్‌లోడింగ్‌కే సగటున 50 నిమిషాలు పట్టిందనీ, మెషీను తిరిగే సమయం కంటే అది ఎక్కువనీ, రాత్రి షిఫ్టు బ్యాచ్‌లు తాను చూడలేదు కాబట్టి ఈ సగటు పగటికే వర్తిస్తుందనీ రాశాడు. రెండే వాక్యాలు. నేను వాటిని రెండుసార్లు చదివాను. బల్క్ డ్రగ్ ప్లాంటులో చాలా చోట్ల బ్యాచ్‌ని ఆలస్యం చేసేది రియాక్టర్ కాదు, దాని తర్వాత ఉండే సెంట్రిఫ్యూజో డ్రైయరో. పుస్తకాల్లో ఈ విషయానికి పెద్దగా చోటుండదు. ఈ అబ్బాయి నిలబడి చూసి కనిపెట్టాడు. పైగా తన అంకె ఎక్కడి వరకు చెల్లుతుందో గీత గీసి చెప్పాడు. అతన్ని తీసుకున్నాం. ఇప్పుడు మా టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ పని చూస్తున్నాడు.

మంచి రెజ్యూమే అంటే ఏమిటో నేను మీకు చెప్పదలచుకున్నది ఆ అబ్బాయి రెండు వాక్యాల్లోనే ఉంది. ఇంకొంచెం విడమరచి చెప్తాను, ఎందుకంటే మీరు టైపు చేయగలరు, పిల్లలు మీ మాట వింటారు.

కాలేజీ ల్యాబ్‌లో అందరూ చేసే మిథనాల్, నీళ్ల డిస్టిలేషన్ ఉందనుకోండి. మీ పద్ధతిలో అది 'ఆస్పెన్ ప్లస్ ఉపయోగించి డిస్టిలేషన్ కాలమ్ డిజైన్, ఆప్టిమైజేషన్' అవుతుంది. దాన్ని పిల్లవాడే చేస్తే ఇలా రాయొచ్చు: గంటకు 100 కిలోమోల్స్ ఫీడ్, మరుగుతున్న ద్రవం, అందులో మిథనాల్ 40 శాతం, పైన 95 శాతం, అడుగున 2 శాతం కావాలి. ముందు మెకేబ్-థీలే పద్ధతిలో గ్రాఫ్ మీద ప్లేట్లు లెక్కపెట్టి, తర్వాత డీడబ్ల్యూసిమ్‌లో సరిచూశాను. రిఫ్లక్స్ రేషియో 1 దగ్గర డిస్టిలేట్ గంటకు 40.9 కిలోమోల్స్, రీబాయిలర్‌కి సుమారు 830 కిలోవాట్లు. ప్లేట్ల ఎఫిషియెన్సీ లెక్కలోకి తీసుకోలేదు.

ఈ నాలుగు వాక్యాలు నా చేతికొస్తే నేను చేసే మొదటి పని, పక్కన పెన్నుతో మిథనాల్ బ్యాలెన్స్ వేయడం. 40లోంచి 2 తీసేసి, 95లోంచి 2 తీసేసి, ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 0.4086. సరిపోయింది. ఆ క్షణాన నాకు ఆ పిల్లవాడి మీద నమ్మకం కలుగుతుంది. ఇక ఇంటర్వ్యూలో మాట్లాడుకోవడానికి బోలెడుంటుంది. 830 కిలోవాట్లకి స్టీమ్ ఎంత కావాలంటావు? లేటెంట్ హీట్ గుర్తుంటే గంటకు 1.4 టన్నుల దగ్గరికి వస్తాడు. రిఫ్లక్స్ పెంచితే ప్లేట్లు తగ్గుతాయి కదా, మరి ఎందుకు పెంచలేదు? ఇలా ఒక దాంట్లోంచి ఇంకోటి. ఆఖరి వాక్యం ఉంది చూశారా, ఎఫిషియెన్సీ తీసుకోలేదన్నది, అది అతని స్థాయిని తగ్గించదు. తన లెక్కకు హద్దు ఎక్కడుందో తెలిసినవాడని చెబుతుంది. మా ప్లాంటులో మాకు అలాంటివాళ్లే కావాలి.

ఆస్పెన్ లైసెన్సు కాలేజీలో లేదని పిల్లలు మీ దగ్గరికొస్తారు. అది నాకు తెలుసు. అది కొనే స్తోమత చాలా కాలేజీలకు లేదు. కానీ అలాంటి పనే చేసే డీడబ్ల్యూసిమ్ ఉచితం. మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఐఐటీ బాంబేలో నడిచే ఫాసీ ప్రాజెక్టువాళ్లు విద్యార్థులు అందులో చేసిన ఫ్లోషీట్లు తీసుకుని, పరిశీలించి, బాగుంటే వాళ్ల పేరుతోనే అందరికీ అందుబాటులో పెడతారు. ఊరూపేరూ లేని కాలేజీలో చదివే పిల్లవాడికి కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఇక మెకేబ్, థీలే వాళ్ల పద్ధతిని ప్రచురించింది 1925లో. గ్రాఫ్ కాగితం, పెన్సిల్, స్కేలు ఉంటే చాలు. మీ షాపులో ఆ మూడూ దొరుకుతాయి.

రెజ్యూమే చివర డిక్లరేషన్ ఒకటి పెడతారు మీరు. పైన రాసిన వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు సత్యమని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను అని. కింద తేదీ, ఊరు, సంతకం. ఆ సంతకం మీది కాదు. ఇరవై రెండేళ్ల పిల్లవాడిది. తన ఉద్యోగ జీవితంలో అతను సంతకం పెట్టే మొట్టమొదటి కాగితం అది. ఆ కాగితంలో సగం అబద్ధమని అతనికి తెలిసే పెడతాడు.

ఆ కాగితంతో అతను వచ్చేది ఎలాంటి పరిశ్రమలోకో మీరు ఆలోచించి ఉండరు. మా దగ్గర ఒక బ్యాచ్ నడిస్తే ప్రతి అడుగూ బ్యాచ్ రికార్డులో రాయాలి. ఎన్ని కిలోలు వేశారు, ఎన్నింటికి వేశారు, అప్పుడు ఉష్ణోగ్రత ఎంత, ఎవరు చేశారు, ఎవరు చూశారు. మా రికార్డులకు ఆల్కోవా అని ఒక నియమం ఉంది. ప్రతి ఎంట్రీ ఎవరిదో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, పని జరిగినప్పుడే రాసి ఉండాలి, అసలు కాగితమే అయి ఉండాలి, ఖచ్చితంగా ఉండాలి. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. అమెరికా ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు వెతికేది దీన్నే. చేయని టెస్టు చేసినట్టు రాశారనీ, డేటా మార్చారనీ మన దేశపు మందుల కంపెనీలకు వాళ్లు ఇచ్చిన వార్నింగ్ లెటర్లు ఎవరైనా చదువుకోవచ్చు. అలాంటి లెటర్ తర్వాత ఒక ప్లాంటు నుంచి అమెరికాకు ఎగుమతులు ఆగిపోవచ్చు, ఆ దెబ్బ వందల కుటుంబాల మీద పడుతుంది. చూడని థర్మామీటర్‌ని చూసినట్టు రాయకూడదని మేం కొత్తవాళ్లకు మొదటిరోజే చెప్తాం. అప్పటికే మీరు ఇంకోటి నేర్పించి పంపారు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊళ్ల మీదికి వచ్చిన సంగతి మనమెవరం మరచిపోలేదు. 12 మంది చనిపోయారు. స్టైరీన్ నిల్వచేసిన ట్యాంకు అడుగున మాత్రమే ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు ఉందనీ, పైభాగంలో వేడెక్కుతున్నది తెలిసే వీల్లేకపోయిందనీ ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. ఆ ఘటనకూ మీలాంటి షాపులకూ ముడిపెట్టడం లేదు, అలా అనుకోవద్దు. నేను చెప్పేది ఒక్కటే. మా పనిలో కొలవని చోట ఒక అంకె ఉన్నట్టు అనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. మీ నైట్రోబెంజీన్ రిపోర్టులో ఆ 20 డిగ్రీలు ఎవరూ కొలవనిదే.

పిల్లలు మీ దగ్గరికి ఎందుకొస్తారో నాకు తెలియక కాదు. ప్లేస్‌మెంట్ ఆఫీసు నుంచి సాయంత్రం ఆరింటికి మెసేజ్ వస్తుంది, రేపు పదింటికల్లా రెజ్యూమే కావాలని. నాలుగేళ్లలో ఎవరూ వాళ్లతో ఒక్క రెజ్యూమే రాయించి ఉండరు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఇంగ్లీషు వాక్యం రాయాలంటే గుండె దడ. ఇంట్లో అమ్మానాన్నలు ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను మిగిలింది అప్పు చేసి కట్టి ఉంటారు. ఏటా అవే రిపోర్టులు అవే పేజీలతో వచ్చినా వైవా పెట్టి సంతకం చేసేసే కాలేజీలున్నాయి. ఫ్రెషర్ ఉద్యోగానికి రెండేళ్ల అనుభవం కావాలని ప్రకటన ఇచ్చే కంపెనీలున్నాయి, మా పరిశ్రమలోనే ఉన్నాయి. ఆ ప్రకటన చూసిన పిల్లవాడు అనుభవం ఎక్కడ కొనాలా అని వెతుక్కుంటాడు. వీళ్లందరూ కలిసి ఆ పిల్లల్ని మీ గుమ్మం దాకా తోలారు. ఆ మాట నేను మా సమావేశాల్లో కూడా గట్టిగానే అంటుంటాను. కానీ గుమ్మం దాటాక వాళ్లకు ఏం అమ్మాలన్నది మీరు తేల్చుకున్నారు.

మీలో కొందరు ఇంకా ముందుకు వెళ్లి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు కూడా ఇస్తున్నారు. ఎప్పుడో మూతపడిన ఏదో యూనిట్ లెటర్‌హెడ్ మీద, ఏడాదిన్నర ప్రొడక్షన్‌లో చేసినట్టు. అది ఎంతకాలం నిలబడుతుందనుకుంటున్నారు? కంపెనీలు ఇప్పుడు యూఏఎన్ తీసుకుని ప్రావిడెంట్ ఫండ్ సర్వీస్ హిస్టరీ చూస్తాయి. అక్కడ లేని ఉద్యోగం కాగితం మీద ఉంటే ఆఫర్ వెనక్కి పోతుంది. ఒక్కోసారి చేరిన ఆర్నెల్లకు తెలుస్తుంది, అప్పుడు ఉద్యోగమూ పోయి, ఎందుకు పోయిందో తర్వాతి కంపెనీకి చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ రోజు మీ షాపు షట్టర్ ఎత్తే ఉంటుంది. ఆ సర్టిఫికెట్ కొన్న పిల్లవాడు మాత్రం ఊరెళ్లి అమ్మకు ఏం చెప్పాలో తెలియక బస్టాండ్‌లో కూర్చుంటాడు. రెజ్యూమేలో కీవర్డ్లు తెల్ల రంగు అక్షరాల్లో దాచి పెట్టే పని కూడా మానేయండి. రెజ్యూమేలను జల్లెడపట్టే సాఫ్ట్‌వేర్‌కి కనబడితే చాలనుకుంటారు మీరు. చివరికి చదివేది మనిషే.

మీ దుకాణం మూసేయమని నేను అడగడం లేదు. టైపింగ్ తెలిసిన, ఇంగ్లీషు తెలిసిన, రాత్రి తొమ్మిదింటిదాకా తలుపు తెరిచి ఉంచే మనిషి ఆ వీధిలో ఉండటం పిల్లలకు అవసరమే. అదే రుసుము తీసుకోండి. ఫైలు తెరిచి పేరు మార్చే బదులు, పిల్లవాణ్ని కుర్చీ లాక్కుని కూర్చోమని, కొన్ని ప్రశ్నలు వేయండి. ప్రాజెక్టులో నువ్వు నీ చేత్తో చేసిన భాగం ఏది, మిగతావాళ్లు చేసింది ఏది? అందులో నీకు బాగా గుర్తున్న ఒక అంకె చెప్పు, దాని యూనిట్ ఏమిటి, ఎలా వచ్చింది? ల్యాబ్‌లో ఏ ఎక్స్‌పెరిమెంట్ తప్పు ఫలితం ఇచ్చింది, ఎందుకని నీకు అనిపించింది? ట్రైనింగ్‌లో నువ్వు చూసిన మెషీన్లలో ఏది ఎలా పనిచేస్తుందో ఇప్పుడు నాకు చెప్పగలవు? వాడు చెప్పింది చెప్పినట్టు చిన్న చిన్న వాక్యాల్లో టైపు చేయండి. ఒక్క పేజీ చాలు. పేరు, ఫోను, ఈమెయిలు, చదువు, ప్రాజెక్టు, ట్రైనింగ్, వచ్చిన సాఫ్ట్‌వేర్ దానితో చేసిన పని పేరుతో సహా. బ్యాక్‌లాగ్ ఉండి తర్వాత పాసైతే అలాగే రాయండి. ఫొటో, పట్టీలు, ఆబ్జెక్టివ్ తీసేయండి. మందుల కంపెనీకి వెళ్తుంటే బ్యాచ్ పని ముందు పెట్టమనండి, రిఫైనరీకి వెళ్తుంటే కంటిన్యువస్ డిస్టిలేషన్, హీట్ ఎక్స్‌ఛేంజర్ పని ముందు పెట్టమనండి. అందుకు మీకు కెమికల్ ఇంజనీరింగ్ రావాల్సిన అవసరం లేదు. వాడికి వచ్చు.

వాడు చెప్పేది మీకు అర్థం కాకపోతే, అర్థమయ్యేదాకా చెప్పించండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగిన రోజున వాడు నాకూ చెప్పగలడు.

ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గరపడుతోంది. ఈ ఏడాది ఒక్క పదిమందికి ఇలా రాయించి చూడండి. అంకెలు చిన్నవైనా, ఇంగ్లీషు తడబడినా, కాలేజీ పేరు నేను ఎన్నడూ విననిదైనా ఆ రెజ్యూమేలను ఆఖరి వాక్యం దాకా చదువుతాను. ప్రతి ఒక్కరికీ ఉద్యోగం ఇస్తామని మాటివ్వలేను, మా దగ్గర ఉండేవి కొద్ది ఖాళీలే. చదువుతానని మాత్రం మాటిస్తున్నాను. లెక్క కుదిరితే ఇంటర్వ్యూకి పిలుస్తాను.

ఇట్లు,
ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో పనిచేసే ప్రాసెస్ ఇంజనీర్